ఒట్టు వెయ్యని ఇల్లు

మొన్న మా ఊరి చర్చి పాస్టరు జాన్సన్ మా ఇంటికి వచ్చాడు. విజయవాడలో మేముండేది మూడో అంతస్తు. ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. పాపం, మెట్లెక్కి చెమటలు కక్కుకుంటూ వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. మంచి కుర్రాడే. మజ్జిగ తాగి, సంచిలోంచి ఒక కాగితం తీసి, చర్చికి పెద్ద పండగ చేస్తున్నామండీ, దానికో సావనీరు వేస్తున్నామండీ, మొదటి అయ్యగారు కాబట్టి మీ నాన్నగారి గురించి మీరే ఒక పేజీ రాసివ్వాలండీ అన్నాడు. ఎలా రాయాలో కూడా ఆ కాగితం మీద ఉంది. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు, ఎన్ని సంఘాలు కట్టారు, ఎప్పుడు ప్రభువు నందు నిద్రించారు. ఒక మనిషిని అలా గళ్ళల్లోకి ఎక్కించేస్తే ఇక మిగిలేదేముంది? ఆ మాటే అన్నాను. నవ్వాడు. మీరు టీచరు గారు కదండీ, మీ ఇష్టం వచ్చినట్టు రాయండి అన్నాడు.

మాటల్లో మాటగా, పాదాలు కడిగే ఆచారం ఇంకా ఉందా అని అడిగాను. కాస్త ఇబ్బంది పడ్డాడు. "ఇప్పుడు అందరికీ లేదండీ. టైల్స్ వేయించాం కదా, నీళ్ళు పడితే పెద్దవాళ్ళు జారుతున్నారు. ఏడాదికోసారి గుడ్ ఫ్రైడే నాడు నేనొక పెద్దాయన కాళ్ళు కడుగుతాను, అందరూ చూస్తారు" అన్నాడు. చూడ్డానికేముంది బాబూ అందులో, సినిమానా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎండలో మెట్లెక్కి వచ్చిన మనిషి కదా అని మింగేశాను. అతను వెళ్ళాక మాత్రం నాకు కోపం తగ్గలేదు. అతని మీద కాదు. ఆ టైల్స్ మీద. ఆ కోపంలోనే ఇదంతా రాయడం మొదలుపెట్టాను. ఇది ఒక పేజీలో ఇమిడేది కాదు, అతని సావనీరుకి పనికొచ్చేదీ కాదు.

మాది మెన్నోనైట్ల సంఘం. మెన్నోనైట్లంటే మా డెల్టాలో చాలామందికి తెలియదు. లూథరన్లు తెలుసు, బాప్టిస్టులు తెలుసు, కేథలిక్కులు తెలుసు, ఈ మధ్య వీధికొకటి వెలిసిన ప్రార్థనా మందిరాలు మరీ బాగా తెలుసు. మన తెలుగునాట మెన్నోనైట్లు అసలు పాలమూరు వైపు వాళ్ళు. మా తాతయ్య అక్కడి నుంచి తట్టా పారా పట్టుకుని కాలవ మట్టి పనికి వచ్చిన జట్టులో మనిషి. పని అయిపోయాక జట్టులో సగం మంది వెనక్కి వెళ్ళిపోయారు, సగం మంది చల్లపల్లికి అవతల మా ఊరి పేటలోనే గుడిసెలు వేసుకుని ఉండిపోయారు. వాళ్ళకి దేవుడి మాట చెప్పేవాడు లేడని, మా నాన్నగారిని చిన్నతనంలోనే మళ్ళీ పాలమూరు పంపించి బైబిలు బడిలో చదివించారు. తిరిగొచ్చాక ఆయనే సంఘానికి అయ్యగారు. పేరు దేవసహాయం. పొడుగాటి మనిషి, ముతక పంచె, భుజం మీద తువ్వాలు, మడ్‌గార్డు లేని సైకిలు. డెల్టా బురదకి మడ్‌గార్డు ఉంటే చక్రం తిరగదని ఆయనే ఊడదీసేశారు. అందుకని వానాకాలంలో ఆయన వీపు మీద ఎప్పుడూ ఒక బురద గీత ఉండేది. అమ్మ దాన్ని ఉతికి ఉతికి విసుగెత్తి, "మీరు ఏ ఊరు వెళ్ళొచ్చారో మీ చొక్కా చూసి చెప్పెయ్యొచ్చండీ, ఇది నల్లమట్టి, ఇది కాలవ మట్టి" అనేది.

అమ్మ పేరు సుగుణమ్మ. ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. వాళ్ళ పుట్టింటి వాళ్ళది వేరే సంఘం. పెళ్ళికి ముందు నాన్నగారి సంఘం నియమాలన్నీ విని, సరేనని ఒప్పుకుని, కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకుని వచ్చింది. నాన్నగారు ఎంత నిదానమో అమ్మ అంత చురుకు. నాన్నగారు ఒక మాట అనడానికి గొంతు సవరించుకునేలోపు అమ్మ నాలుగు మాటలు అనేసి, పొయ్యి మీద కూర కలిపి వచ్చేసేది. చెరకు గానుగాడే రోజుల్లో పుట్టింటి నుంచి బెల్లం దిమ్మలు వచ్చేవి. మా ఇంట్లో పుస్తకాల అలమారులో కూడా బెల్లం వాసనే. చీమలకు భయపడి నాన్నగారి పుస్తకాల కింద గిన్నెల్లో నీళ్ళు పోసి పెట్టేది. ప్రసంగానికి వాక్యభాగం వెతుక్కుంటూ ఆయన ఆ గిన్నెల్లో చెయ్యి పెట్టని వారం లేదు.

మా ఇంటి నియమాల్లో నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది ఒట్టు వెయ్యకూడదన్నది. మెన్నోనైట్లు ఒట్టు పెట్టరు. దేవుడి తోడు అనరు, అమ్మ తోడు అనరు, తల మీద చెయ్యి వెయ్యరు, బైబిలు మీద అసలే వెయ్యరు. ఎందుకని అడిగితే నాన్నగారు చెప్పే మాట ఒకటే. "ఒట్టు వేసిన మాట ఒక్కటే నిజమైతే, వెయ్యని మాటలన్నీ ఏమిటమ్మా మరి?" ఆ వయసులో నాకు దీని లోతు తెలియదు, దీనివల్ల నాకు బళ్ళో జరిగే అన్యాయం ఒక్కటే తెలుసు. బలపం ఎవరు తీశారంటే పిల్లలందరూ గొంతు పట్టుకుని, అమ్మ తోడు నేను కాదు అనేవాళ్ళు. నేను మాత్రం నేను కాదండీ అని ఊరుకునేదాన్ని. పంతులు గారి చూపు నా దగ్గరే ఆగేది. ఒట్టు వెయ్యనిది ఒక్కతే కాబట్టి తీసింది కూడా అదే అయ్యుంటుందని లెక్క. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ కళ్ళు తుడిచి, నాన్నగారికి వినపడేలా, "మా ఊళ్ళో అయితే ఒట్టు లేకుండా ఉప్పు కూడా బదులివ్వరు తల్లీ, ఏం చేస్తాం" అనేది. నాన్నగారు పేపరు మడతపెట్టి నవ్వేవారు.

ఇక నెలనెలా జరిగే బల్ల సంగతి చెప్పాలి. ప్రభువు రాత్రి భోజనాన్ని మేం బల్ల అనేవాళ్ళం. ఆ ముందురోజు మా ఇల్లు ఇల్లుగా ఉండేది కాదు. అమ్మ ఎండు ద్రాక్ష నానబెట్టి, పిసికి, బెల్లం కలిపి ఉడకబెట్టేది. ఆ తియ్యని పులుపు వాసన పేట చివరిదాకా వెళ్ళేది. దాన్నిబట్టే రేపు బల్ల అని జనానికి తెలిసిపోయేది. గోధుమ పిండి మాకు ఆ ఒక్క పనికే వచ్చేది. పులియబెట్టని పిండితో పలచటి రొట్టెలు కాల్చి తెల్లగుడ్డలో చుట్టేది. ఆ రొట్టె అంచులు నాకు దక్కేవి. మర్నాడు బల్లకు ముందు పాదాలు కడగడం. మగవాళ్ళు ఒక పక్క చాపల మీద, ఆడవాళ్ళు ఇంకో పక్క. పక్కనున్నవాళ్ళ కాళ్ళు వీళ్ళు, వీళ్ళ కాళ్ళు వాళ్ళు, సత్తు బేసినులో నీళ్ళు పోసి కడిగి తువ్వాలుతో తుడిచేవాళ్ళు. ఎవరితోనైనా తగాదా ఉంటే ఆ మనిషినే వెతుక్కుని పక్కన కూర్చోవాలి. నాట్ల రోజుల్లో మా వాళ్ళ కాళ్ళు ఎలా ఉంటాయో తెలియని వాళ్ళకి చెప్పినా తెలియదు. వేళ్ళ సందుల్లో పుళ్ళు, మడమల్లో పగుళ్ళు, గోళ్ళ కింద నల్లమట్టి. ఆ కాళ్ళని ఒళ్ళో పెట్టుకుని కడిగాక ఆ మనిషిని తిట్టడం అంత తేలిక కాదు. నాన్నగారి ప్రసంగాలు ఒక్కోసారి సాగదీతగా ఉండేవని నేను నిర్భయంగా చెబుతాను. ఆయన సంఘాన్ని నిలబెట్టింది ప్రసంగాలు కాదు, ఆ బేసిను.

బల్ల దగ్గరికి రావడానికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. సంఘం నియమం మీరిన వాళ్ళు అందరి ముందూ లేచి, తప్పయిందని చెప్పాలి. చెప్పేదాకా బల్ల లేదు. తాగి కొట్టుకున్న వాళ్ళు, పెళ్ళాన్ని కొట్టిన వాళ్ళు అలా లేచి చెప్పేవాళ్ళు. చెప్పగానే నాన్నగారే వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చేవారు. ఒక రోజు మా అమ్మ మీదికే ఈ నియమం వస్తుందని ఎవరనుకుంటారు?

నేనింకా బళ్ళో చదువుతున్న ఒక ఏడు, కోతలు, నూర్పిళ్ళు అయిపోయి, చేలల్లో మినుము మొలిచిన రోజులు. పేటలో మార్తమ్మ కొడుకు మాన్యేలు బాప్తిస్మానికి సిద్ధపడుతూ సాయంత్రాలు మా ఇంటికి పాఠానికి వచ్చేవాడు. పెళ్ళి కుదిరిన కుర్రాడు. నోటి దురుసు ఉందిగానీ మనసు మంచిది. కోతల్లో కూలి దగ్గర మోతుబరి కోటేశ్వరరావు గారితో మాటా మాటా అనుకున్నాడు. అది ఊరందరికీ తెలుసు. ఒక సాయంత్రం పాఠం అయ్యాక అమ్మ వాడికి అన్నం పెట్టింది. వంకాయ కూర. వాడు రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా బయట కేకలు. మేమందరం వాకిట్లోకి పరిగెత్తాం. కోటేశ్వరరావు గారి గడ్డివాము ఎర్రగా మండిపోతోంది. మాన్యేలు ఎంగిలి చేత్తోనే మంట ఆర్పడానికి పరిగెత్తాడు. అదే వాడి కొంప ముంచింది. మంట దగ్గర వాణ్ణి చూసిన పాలేరు, వీడే అంటించాడని చెప్పాడు. ఎవరో కాల్చి పారేసిన బీడీ అయ్యుంటుందని తర్వాత్తర్వాత ఊళ్ళో అనుకున్నారు. నిజమేమిటో ఎప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున్న వాణ్ణి కోటేశ్వరరావు గారి కళ్ళంలో కూర్చోబెట్టారు. సాయంత్రానికి స్టేషనుకి అప్పజెబుతామన్నారు. ఆ రోజుల్లో స్టేషనుకి వెళ్ళిన పేట కుర్రాడు ఎలా తిరిగొస్తాడో మా వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మార్తమ్మ జుట్టు ముడి కూడా వేసుకోకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. నాన్నగారు చొక్కా తొడుక్కుంటూనే బయల్దేరారు. వెనకాల మార్తమ్మ, ఆవిడ వెనకాల నేను.

కోటేశ్వరరావు గారు చెడ్డమనిషని నేను రాయను. కోపిష్టి, పరువు మనిషి. వాళ్ళింటి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్నారు. మేం మెట్ల కింద నిలబడ్డాం. ఆ సంగతి అప్పుడు ఎవరికీ వింతగా తోచలేదు. నాన్నగారు జరిగింది జరిగినట్టు చెప్పారు. మంట లేచినప్పుడు కుర్రాడు మా ఇంట్లో అన్నం తింటున్నాడు, నేను కళ్ళారా చూశాను అన్నారు. కోటేశ్వరరావు గారు అంతా విని ఇలా అన్నారు.

"పాస్టరు గారూ, మీరు పెద్దమనుషులు. మీ మాట కాదనను. మీ పుస్తకం తెప్పించుకోండి. దాని మీద చెయ్యి వేసి ఇదే మాట చెప్పండి. వీణ్ణి ఇప్పుడే వదిలేస్తాను. స్టేషనూ వద్దు, గీషనూ వద్దు."

"చెప్పమంటే వందసార్లయినా చెప్తానండీ. ఒట్టు మాత్రం వెయ్యను."

"అదేంటండీ? నిజమే కదా మీరు చెప్పేది?"

"నిజమేనండీ."

"నిజమైతే చెయ్యి వెయ్యడానికి భయం దేనికి?"

"భయం కాదండీ. మా సంఘంలో వెయ్యం. ఇప్పుడు వేస్తే, ఇన్నాళ్ళూ మీతో ఒట్టు లేకుండా చెప్పిన మాటలన్నీ ఏమయినట్టు?"

అరుగు మీద ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకు వెంటనే మా బడి గుర్తొచ్చింది. పంతులు గారి చూపే అది. పాలేరు అప్పటికే రాములవారి గుళ్ళో తడిబట్టలతో ప్రమాణం చేసి వచ్చాడట. ఒట్టు వేసినవాడు ఒకడు, వెయ్యనన్నవారు ఒకరు. ఊరు ఎవర్ని నమ్ముతుంది? కోటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి, "సరే, పొద్దు గూకేదాకా చూస్తాను. తర్వాత నా చేతుల్లో లేదు" అని లోపలికి వెళ్ళిపోయారు. మార్తమ్మ నాన్నగారి కాళ్ళ మీద పడింది. "ఒక్క మాటేగా అయ్యగారూ, ఒక్క మాటేగా, మన దేవుడు ఏమీ అనడయ్యా" అని ఏడ్చింది. ఆయన ఆవిణ్ణి లేవనెత్తారు.  కానీ మాట మార్చలేదు. స్టేషనుకి తీసుకెళ్తే నేనూ వెళ్ళి అక్కడే కూర్చుంటాను, వాణ్ణి ఒంటరిగా వదలనమ్మా అన్నారు. ఆ మాట ఆయన నిలబెట్టుకునేవారే, నాకు అనుమానం లేదు. కానీ స్టేషను అరుగు మీద కూర్చుంటే లోపల పడే దెబ్బలు ఆగుతాయా?

ఇంటికొచ్చి అమ్మకి చెప్పారు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అంతా విని, "అంటే వాణ్ణి తీసుకెళ్ళిపోతారన్నమాట" అంది. చేట పక్కన పెట్టి, "వాడు నా వంకాయ కూర తింటున్నాడండీ. నేను వడ్డించాను" అంది. నాన్నగారు ప్రార్థన చేద్దాం అన్నారు. మోకరించి కళ్ళు మూసుకున్నారు. నేనూ మోకరించాను. ఆయన ప్రార్థన ముగించి ఆమెన్ అనేసరికి అమ్మ గదిలో లేదు. బల్ల మీద బైబిలు కూడా లేదు.

నేను పరిగెత్తాను. అప్పటికే అమ్మ పైటచెంగులో బైబిలు చుట్టుకుని కళ్ళం దాటేసింది. అరుగు మెట్ల దగ్గర ఆగలేదు. మొదటి మెట్టు ఎక్కింది. రెండోదీ ఎక్కింది. మా పేట ఆడమనిషి ఆ మెట్టు ఎక్కడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఎవరూ దిగమనలేదు, దిగమనే టైము ఇస్తే కదా. బైబిలు అరుగు మీద పెట్టి, కుడిచెయ్యి దాని మీద వేసి, "మంట లేచినప్పుడు ఈ కుర్రాడు మా ఇంట్లో నేను పెట్టిన అన్నం తింటున్నాడు. ఇది నిజం. దేవుడి మీద ఒట్టు" అంది. ఇక చాలా అన్నట్టు చూసింది. కోటేశ్వరరావు గారు "చాలమ్మా" అని పాలేరు వైపు తిరిగి, "వాణ్ణి పంపించెయ్" అన్నారు. అంతే. మార్తమ్మ కొడుకుని పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ బైబిలు మళ్ళీ చెంగులో చుట్టుకుని, దారిలో నన్ను చూసి, "నడు, ఎసట్లో బియ్యం పోసి వచ్చాను" అంది.

ఆ ఆదివారం చర్చిలో నాన్నగారు లేచి నిలబడి ఒక్క ముక్క చెప్పారు. సంఘంలో నియమం అందరికీ ఒకటే, అయ్యగారి ఇంటికి వేరే ఉండదు. అమ్మ వైపు చూడలేదు. అమ్మ లేచింది. అందరూ తప్పయిందని అంటుందనుకున్నారు. "వేశాను. ఒట్టు వెయ్యనని మాటిచ్చి వేశాను. కానీ తప్పయిందని నా నోటితో నేను అనలేనండీ. అంటే అది అబద్ధం అవుతుంది. మళ్ళీ అలాంటి రోజే వస్తే మళ్ళీ వేస్తాను" అని చెప్పి కూర్చుంది. అలా మా అమ్మకి బల్ల ఆగిపోయింది. ఆపింది మా నాన్నగారు.

నెల తిరిగి బల్ల వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే ద్రాక్ష ఉడకబెట్టింది, రొట్టె కాల్చింది, తెల్లగుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చింది. చర్చిలో ఆడవాళ్ళ చాప మీద చివర కూర్చుంది. ద్రాక్షరసం గిన్నె ఒకరి దగ్గర నుంచి ఒకరికి వెళ్ళి, అమ్మని దాటుకుని వెళ్ళిపోయింది. ఆ క్షణం నాన్నగారి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అంతలో ఇంకొకటి చూశాను. గిన్నె తిరిగి ఆయన చేతికి వచ్చింది. ఎప్పుడూ చివర తాగేది ఆయనే. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అలాగే బల్ల మీద పెట్టి, మూత పెట్టేశారు. రొట్టె ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. అందరికీ ఇచ్చి ఆయన తినకుండా లేచారు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా అనలేదు. అమ్మ మాత్రం చూసింది. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, ఇంకాస్త వేసుకోండి అంది. ఒట్టు వేసిన రోజు నుంచి ఆయనకి వడ్డించడమేగానీ ఆ మాట అనడం మానేసింది.

ఎండాకాలం అంతా అలాగే గడిచింది. కాలవలు కట్టేశారు, అడుగున బురద నెర్రెలిచ్చింది, తాగే నీళ్ళకి చెరువుల వెంట తిరిగాం. నెలనెలా అమ్మ ద్రాక్ష ఉడకబెట్టేది, నెలనెలా ఇద్దరూ తినేవాళ్ళు కాదు. సంఘంలో రెండు వర్గాలయ్యాయి. నియమం నియమమేనని పెద్దలు, అయ్యగారిది రాతిగుండె అని ఆడవాళ్ళు. నన్ను ఎవరైనా మీ అమ్మ పక్షమా నాన్న పక్షమా అని అడిగితే నాకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళ తర్వాత చెబుతున్నాను, నేను ఇద్దరి పక్షం. ఆయన నిజాన్ని అంత గట్టిగా పట్టుకోకపోతే, దాని మీద చెయ్యి వెయ్యడానికి ఆవిడకి ఏముండేది? ఆవిడ వెళ్ళి వెయ్యకపోతే, ఆయన నిజం ఆ కుర్రాడికి ఎందుకు పనికొచ్చేది?

ఇప్పటి సంగతి వేరు. మా మనవడు రోజుకి పదిసార్లు ప్రామిస్ అమ్మమ్మా అంటాడు. అన్నప్పుడల్లా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి చూసుకోవాలి, ఐస్‌క్రీము ఎంత మిగిలిందో. కోర్టు బయట చెట్టు కింద నోటరీ గారు మనిషి మొహం చూడకుండానే ప్రమాణపత్రం మీద ముద్ర వేస్తాడు. ఒకసారి నేను ఏదో స్థలం తగాదాలో సాక్షిగా బోనెక్కాల్సి వచ్చింది. ప్రమాణం చెయ్యమన్నారు. నేను చెయ్యనండీ, ధ్రువీకరించి చెబుతాను, చట్టంలో ఆ వీలుందండీ అన్నాను. గుమాస్తా కళ్ళద్దాలు తీసి నా వంక చూశాడు. జడ్జిగారు మాత్రం, ఉంది, రాసుకోండి అన్నారు. నాన్నగారి నియమం నాతో అంతవరకూ వచ్చింది. ఎవరికైనా ఆపద వస్తే నేనూ మెట్లెక్కి బైబిలు మీద చెయ్యి వేసేస్తాననీ నాకు తెలుసు. ఈ రెండూ నాలో హాయిగా సర్దుకుని ఉంటాయి. వాళ్ళిద్దరూ ఒక ఇంట్లో ఉన్నప్పుడు ఇవి నాలో ఉండడానికేం?

ఆ ఏడు ఎండాకాలం ముగిసి కాలవకి నీళ్ళు వదిలారు. బాప్తిస్మాలు ఎప్పుడూ కొత్తనీళ్ళలోనే. ఎర్రటి నీళ్ళలో నాన్నగారు నడుము లోతున నిలబడి మాన్యేలుని ముంచి లేపారు. గట్టు మీద మార్తమ్మ పొడిబట్టలు పట్టుకుని నిలబడింది. ఆ పై ఆదివారం వాడి మొదటి బల్ల. కొత్త చొక్కా వేసుకుని మగవాళ్ళలో ముందు వరసలో కూర్చున్నాడు. పాదాలు కడగడం అయింది. నాన్నగారు రొట్టె విరిచి ముందుగా వాడి దగ్గరికే వెళ్ళారు. వాడు చెయ్యి చాపలేదు.

"తీసుకో నాయనా" అన్నారు నాన్నగారు.

"నాకొద్దండీ అయ్యగారూ."

"ఏం? ఎవరితోనైనా తగాదా ఉందా?"

"లేదండీ. అమ్మగారు నాకోసం ఒట్టేశారు. ఆవిడ చాప చివర కూర్చుని చూస్తుంటే నాకు మింగుడు పడదండీ. ఆవిడ తీసుకున్నప్పుడే తీసుకుంటాను."

నాన్నగారు పక్క మనిషి వైపు తిరిగారు. అతనూ చేతులు కట్టుకున్నాడు. ఆడవాళ్ళ వైపు మార్తమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని తల దించుకుంది. ఆవిడ పక్కావిడా అంతే. నియమం నియమమే అన్న పెద్దాయన ఒకరు దగ్గారుగానీ ఆయనా చెయ్యి చాపలేదు. నాన్నగారు విరిచిన రొట్టె పళ్ళెంతో అలాగే నిలబడిపోయారు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. కోపం అనుకున్నాను. కాదు.

పళ్ళెం బల్ల మీద పెట్టారు. మా అందరి వైపు తిరిగారు. "ఒట్టు వెయ్యకూడదన్న మాట నేను ఇవాళా మార్చను, రేపూ మార్చను. కానీ ఆ రోజు నేను నా మాట కాపాడుకుని ఇంటికొచ్చాను. ఈ కుర్రాణ్ణి కాపాడింది ఆవిడ. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి లేచి ఒప్పుకోమన్నాను. లేవాల్సింది నేను కూడా." ఆ మాట అని సత్తు బేసినులో నీళ్ళు ఒంపుకుని, భుజం మీది తువ్వాలు నడుముకి కట్టుకుని, ఆడవాళ్ళ వైపు నడిచారు. మా చర్చిలో ఏ మగవాడూ అటు వచ్చి కాళ్ళు కడగలేదు. చాప మీది ఆడవాళ్ళు సర్దుకుని దారిచ్చారు. అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని బేసిను పెట్టి, ఆవిడ పాదం కోసం చెయ్యి చాపారు.

అమ్మ కాళ్ళు చీర కిందికి లాక్కుంది.

"కాళ్ళెందుకండీ?" అంది. మాట అందరికీ వినపడింది. "ఒట్టేసింది ఈ చెయ్యి."

కుడిచెయ్యి చాపింది. నాన్నగారు తలెత్తి ఆవిడ మొహంలోకి చూశారు. ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని బేసినులో ముంచి కడిగారు. అరచెయ్యి కడిగారు, ద్రాక్ష మరక అంటిన వేళ్ళు కడిగారు, తువ్వాలుతో ఒత్తి తుడిచారు. మార్తమ్మ బావురుమంది. మాన్యేలు కొత్త చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. నాన్నగారు లేచి వెళ్ళి గిన్నె తెచ్చి ముందుగా అమ్మకిచ్చారు. అమ్మ తాగి ఆయనకిచ్చింది. ఆయన తాగారు. తప్పయిందని అమ్మ ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు.